నాణ్యత అంటే ఎవరి లెక్కలో?

ఒక టార్చిలైటు కంపెనీ ఉందనుకుందాం. కొత్త మోడల్ బజార్లోకి వెళ్ళిన కొన్ని వారాలకే సరుకు వెనక్కి రావడం మొదలైంది. అందరిదీ ఒకటే ఫిర్యాదు: స్విచ్ మరీ గట్టిగా ఉంది, నొక్కలేకపోతున్నాం. తిప్పి పంపినవాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళు. మీటింగ్ పెట్టారు. ప్రొడక్షన్ మేనేజర్ డ్రాయింగ్ తెచ్చి బల్ల మీద పరిచాడు. "స్విచ్ పదివేలసార్లు నొక్కినా పాడవకూడదని ఇందులో రాశారు. మనది పన్నెండువేలు దాటింది. నాణ్యత లోపం ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి" అన్నాడు. "సరుకు వెనక్కి వస్తోందండీ, ఇంకేం చూపించాలి?" అంది సేల్స్ చూసే ఆవిడ. "అల్యూమినియం బాడీ పెడదామంటే ప్లాస్టిక్ చాలన్నారు, నేను అప్పుడే చెప్పాను" అని డిజైనర్ పాత గాయం కెలికాడు. "ఈ ధరకి ఇంతకన్నా మంచి టార్చి ఎవరిస్తున్నారో చెప్పండి" అని అకౌంట్స్ ఆయన ముక్తాయించాడు.

నలుగురూ నిజమే చెబుతున్నారు. నలుగురూ నాణ్యత గురించే మాట్లాడుతున్నారు. అయినా గంటసేపు గడిచాక చూస్తే ఒకరన్నదానికి ఇంకొకరు జవాబే చెప్పలేదు. ఒక్క మాటని నలుగురూ నాలుగు అర్థాల్లో వాడుతుంటే అలాగే ఉంటుంది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పిన డేవిడ్ గార్విన్ 1984లో సరిగ్గా ఈ గందరగోళం మీదే ఒక వ్యాసం రాశాడు. నాణ్యతను జనం ఐదు వైపుల నుంచి చూస్తారన్నాడు. "చెప్పలేను గానీ చూస్తే తెలుస్తుంది" అనేది ఒకటి. వస్తువులో ఏముందో కొలిచి చెప్పేది ఇంకొకటి: ఎంత వెలుగు, ఏ లోహం, ఎన్ని గంటల బ్యాటరీ. వాడేవాళ్ళకి నప్పిందా అన్నది మూడోది. రాసుకున్న కొలతల ప్రకారం తయారైందా అన్నది నాలుగోది. పెట్టిన డబ్బుకి తగ్గట్టుందా అన్నది ఐదోది. మన మీటింగ్‌కి మొదటిది తప్ప మిగతా నాలుగూ హాజరయ్యాయి. ఆ మొదటిదాన్ని ప్రకటనలు రాసేవాళ్ళకి వదిలేద్దాం. దానితో వాదించి గెలిచినవాడూ లేడు, దాన్ని పట్టుకుని ఒక్క స్క్రూ బిగించినవాడూ లేడు.

గార్విన్ వ్యాసంలో నాకు ముఖ్యమనిపించే సంగతిని చాలామంది దాటేస్తారు. ఈ ఐదింట్లో ఏది సరైనదో తేల్చుకోమని ఆయన అనలేదు. వస్తువు ఆలోచనగా పుట్టి బజారుకి చేరేలోపు ఒక్కో మజిలీలో ఒక్కో చూపు ముందుకి రావాలన్నాడు. మొదట వాడేవాళ్ళకి ఏం కావాలో కనుక్కోవాలి. తర్వాత దాన్ని కొలవగలిగే లక్షణాలుగా మార్చాలి. ఆ పైన ఆ కొలతలు తప్పకుండా తయారుచేయాలి. టార్చి విషయంలో మూడో మజిలీ భేషుగ్గా జరిగింది. మొదటి మజిలీలో ముసలివాళ్ళ వేళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

నాణ్యం, నాణెం ఒకే గూటి మాటలు. ఇంగ్లీషు వాళ్ళ క్వాలిటీకి తాత అయిన లాటిన్ మాట "క్వాలిటాస్". దాన్ని రోమన్ రచయిత సిసెరో గ్రీకు మాటకి బదులుగా "ఎలాంటిది?" అనే ప్రశ్న నుంచి పుట్టించాడు. మన మాట వేరే ప్రశ్న అడుగుతుంది. నాణెం మీద ఒక ముద్ర ఉంటుంది. "ఇందులో ఇంత లోహం, ఇంత బరువు ఉన్నాయి, నువ్వు తూచుకోనక్కర్లేదు" అని ఆ ముద్ర మాటిస్తుంది. ముద్ర చెప్పిందీ లోపలున్నదీ ఒకటేనా అన్నదే నాణ్యం ప్రశ్న. రాగి నాణెం రాగిదే అయితే అది నాణ్యమైనదే, బంగారు నాణెంలో రాగి కలిస్తే అది ఖోటా. ఈ వ్యాసం మొత్తానికీ నేను పట్టుకున్న కొస ఇదే: నాణ్యత అనేది వస్తువు లోపల దాక్కున్న పదార్థమేమీ కాదు, ఇచ్చిన మాటకీ చేతికందినదానికీ మధ్య ఉన్న లెక్క అది. ఆ మాట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, నోటితో ఇచ్చారా నోరు మెదపకుండా ఇచ్చారా అన్నచోటే చిక్కంతా.

ఖరీదైనదల్లా మేలైనది కాదు

అన్నిటికన్నా ముందు వదిలించుకోవలసిన పొరపాటు, నాణ్యతనీ హోదానీ కలిపేయడం. చేతిగడియారాలనే చూడండి. సాధారణ క్వార్ట్జ్ గడియారం నెలకి సుమారు 15 సెకన్లు అటూ ఇటూ అవుతుంది. స్విట్జర్లాండ్‌లో టైము కచ్చితంగా చూపుతుందని ఇచ్చే క్రోనోమీటర్ ధ్రువపత్రం పొందే మెకానికల్ గడియారానికి సగటున రోజుకి 4 సెకన్ల వెనకబాటు నుంచి 6 సెకన్ల ముందంజ వరకూ అనుమతి ఉంది. అంటే టైము చూపడమే గడియారం ఇచ్చిన మాటయితే, చవకబారు క్వార్ట్జ్ ముందు ఎన్నో రెట్ల ఖరీదున్న మెకానికల్ గడియారం ఓడిపోతుంది. కానీ దాన్ని కొనేవాళ్ళకి కంపెనీ ఇచ్చిన మాట అది ఒక్కటే కాదు. పనితనం, తరతరాలు నిలవడం, మణికట్టు మీద ఒక కథ, ఇవన్నీ ఆ ధరలో ఉన్నాయి.

ప్రమాణాల భాషలో దీన్ని గ్రేడ్ అంటారు. తక్కువ గ్రేడ్ వస్తువు మంచి నాణ్యతతో ఉండొచ్చు, ఎక్కువ గ్రేడ్‌ది నాసిగా ఉండొచ్చు. మనకి అసలు కోపం తెప్పించేది తక్కువ గ్రేడ్ కాదు, ఎక్కువ గ్రేడ్ అని చెప్పి తక్కువది అంటగట్టడం.

ఇక్కడి నుంచి నాణ్యత గురించి బోధించిన ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఒక పాత తగువులోకి వెళ్ళాలి. "చెప్పిన కొలతలకి సరిపోవడమే నాణ్యత" అన్నాడు ఫిలిప్ క్రాస్బీ. 1960ల మొదట్లో క్షిపణులు తయారుచేసే మార్టిన్ కంపెనీలో పనిచేస్తూ "జీరో డిఫెక్ట్స్" నినాదాన్ని ముందుకి తెచ్చినవాడు ఆయన. ఆయన ఉద్దేశం తేలిగ్గానే అర్థమవుతుంది. మంచి, మెరుగు, అందం లాంటి మాటల మీద కూర్చుంటే పని జరగదు. కొలత రాయి, కొలిచి చూడు, సరిపోతే సరిపోయినట్టు, లేకపోతే లేనట్టు. జోసెఫ్ జురాన్ దీనికి తల అడ్డంగా ఊపాడు. "వాడకానికి పనికిరావడమే నాణ్యత" అన్నది ఆయన సూత్రం. కొలతలు కూడా ఎవరో మనిషి రాసినవే కదా, ఆ మనిషే పొరబడితే?

ఈ తగువు మీద నాణ్యత విభాగాల్లో తిరిగే ఒక జోకు ఉంది: లైఫ్ జాకెట్లు కాంక్రీటుతో చేసినా, ప్రతి జాకెట్టూ ఒకే బరువుతో ఒకే కొలతల్లో వస్తూ, దస్తావేజులన్నీ సక్రమంగా ఉంటే ఐఎస్‌ఓ 9001 (నాణ్యత నిర్వహణకి అంతర్జాతీయ ప్రమాణం) సర్టిఫికెట్ వచ్చేస్తుందట. నవ్వుకోడానికి బావుంది గానీ పూర్తిగా న్యాయం కాదు. కొనేవాళ్ళ అవసరాలేమిటో తెలుసుకుని తీరాలని ఆ ప్రమాణమే చెబుతుంది. ఐఎస్‌ఓ నిర్వచనం కూడా ఇంచుమించు ఇదే: వస్తువులో సహజంగా ఉన్న లక్షణాలు అవసరాలని ఏ మేరకు తీరుస్తున్నాయన్నదే నాణ్యత. "అవసరాలు" అన్న మాటలో కాగితం మీద రాసినవే కాదు, ఎవరూ రాయకుండానే అందరూ ఆశించేవీ ఉంటాయి. ఆ రెండో రకాన్ని ఆడిట్‌లో పట్టుకోవడం కష్టం కాబట్టి జోకు బతికుంది.

ఎవరూ రాయని ఆ అవసరాల సంగతి 1984లోనే జపాన్‌లో నొరియాకి కానో తేల్చాడు. కొన్ని లక్షణాలుంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే మాత్రం మండిపడతారు. టార్చి వెలిగిందని ఎవరైనా ఉత్తరం రాస్తారా? కొన్ని ఎంత పెరిగితే అంత సంతోషం, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందన్నట్టు. మరికొన్ని లేకపోయినా ఎవరికీ లోటనిపించదు, ఉంటే మాత్రం ముచ్చటపడతారు. ఇవి ఎప్పటికీ ఒకచోట నిలబడవు. ఫోన్లో కెమెరా ఒకప్పుడు మూడో గుంపులో ఉండేది, ఇప్పుడు మొదటిదాంట్లో ఉంది. మీరేమీ చెడగొట్టకుండానే మీ నాణ్యత పడిపోయే దారి ఇది. వస్తువు అక్కడే ఉంటుంది, ఆశ ముందుకి జరుగుతుంది.

ఎర్రపూసల ఫ్యాక్టరీ

మాటేమిటో తేలిందనుకుందాం. ప్రతిసారీ దాన్ని నిలబెట్టుకోవడం ఎలా? ఇక్కడే ఇరవయ్యో శతాబ్దం కనిపెట్టిన అసలు విద్య ఉంది. మేనేజర్లలో ఎక్కువమంది ఇప్పటికీ తప్పు చేసేదీ ఇక్కడే, అందుకే కాసేపు ఆగుదాం.

1924 మే 16న వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ ఒక పేజీ మెమో రాశాడు. అందులో మూడోవంతు ఒక బొమ్మే. మధ్యలో ఒక గీత, పైనొకటి, కిందొకటి, వాటి మధ్య చుక్కలు. ఇప్పుడు కంట్రోల్ చార్ట్ అంటున్నది అదే. అందులోని ఆలోచన ఇది: ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకేలా రావు. తేడా ఉండి తీరుతుంది. ఆ తేడాలు రెండు రకాలు. పని జరిగే తీరులోనే కలిసిపోయి రోజూ కాస్త అటూ కాస్త ఇటూ ఊగించేవి కొన్ని. ఉన్నట్టుండి బయటి నుంచి ఊడిపడేవి కొన్ని, అంటే పనిముట్టు విరగడమో, సరుకు మారడమో, కొత్తవాడు రావడమో. చుక్క పై గీతకీ కింది గీతకీ మధ్య ఉంటే మొదటి రకమనీ, దాటితే రెండో రకమనీ అనుకోవాలి. రెండో రకానికి కారణం వెతికితే దొరుకుతుంది. మొదటి రకానికి ఒక్క చుక్క దగ్గర నిలబడి "ఇవాళ ఎందుకిలా అయింది?" అని వెతికితే ఏదీ దొరకదు. పని జరిగే తీరునే మార్చాలి.

దీన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడానికి షూహార్ట్ శిష్యుడిలాంటి గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ ఒక ఆట ఆడించేవాడు. పెట్టెలో 4,000 పూసలు. వాటిలో 3,200 తెల్లవి, 800 ఎర్రవి. 50 గుంటలున్న ఒక పలక. ప్రేక్షకుల్లోంచి కొందరిని "కార్మికులు"గా పిలిచి, పలకని పెట్టెలో ముంచి 50 పూసలు తీయమంటాడు. కొనేవాళ్ళకి తెల్లపూసలే కావాలి, ఎర్రపూస వస్తే అది లోపం. ఒకరికి 6 ఎర్రవి వస్తాయి. డెమింగ్ కటువైన ఫోర్‌మన్ వేషంలో చప్పట్లు కొట్టించి జీతం పెంచుతాడు. ఇంకొకరికి 15 వస్తాయి. నలుగురిలో నిలబెట్టి చీవాట్లు పెడతాడు. మర్నాటి "షిఫ్టు"లో మెచ్చుకున్నవాడికి 12, తిట్లు తిన్నవాడికి 9. "చూశారా, పొగడ్త తలకెక్కింది, తిట్లు పనిచేశాయి" అంటాడు. గోడ మీద నినాదాలు అంటిస్తాడు. బాగా చేసినవాళ్ళనే ఉంచి మిగతావాళ్ళని తీసేస్తాడు. ఎర్రపూసలు మాత్రం తగ్గవు.

లెక్క చూస్తే నవ్వొస్తుంది. పెట్టెలో అయిదోవంతు ఎర్రవే కాబట్టి 50కి సగటున 10 రావాలి. షూహార్ట్ గీతలు గీస్తే కింది గీత 2 దగ్గర, పై గీత 18 దగ్గర పడుతుంది. అంటే 3 వచ్చినా 17 వచ్చినా కార్మికుడి గొప్పా లేదు, తప్పూ లేదు. తప్పంతా పెట్టెలో ఉంది. పెట్టెలో ఏం పోయాలో తేల్చింది యాజమాన్యం. కష్టాల్లో 94 శాతం వ్యవస్థవే, అంటే యాజమాన్యం బాధ్యతేనని డెమింగ్ తన అంచనాగా రాశాడు. ఆ అంకె మీద పందెం కాయను గానీ, ఆట మాత్రం ఒకసారి చూస్తే మరవలేం. ఈ నెల ఉత్తమ ఉద్యోగి ఫొటో గోడ మీద కనిపించినప్పుడల్లా నాకు ఎర్రపూసలే గుర్తొస్తాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొలతకి హద్దులు పెట్టుకుంటాం: షాఫ్ట్ మందం 25 మిల్లీమీటర్లు, అటూ ఇటూ ఇంత. హద్దుకి వెంట్రుక వాసి లోపలుంటే పాస్, వెంట్రుక వాసి బయటుంటే ఫెయిల్. ఆ రెండు షాఫ్టులూ నిజానికి కవల పిల్లలు. పాసైనదాన్ని సరిగ్గా 25 దగ్గరున్నదానితో సమానమనీ, ఫెయిలైనదాన్ని చెత్తనీ ఎలా అంటాం? లక్ష్యం నుంచి జరిగేకొద్దీ నష్టం కొంచెం కొంచెంగా, ఆపైన వేగంగా పెరుగుతుందని జపాన్ ఇంజనీరు గెనిచి తగూచి వాదించాడు. 1970ల నాటి సోనీ టీవీల ఉదంతాన్ని దీనికి సాక్ష్యంగా చెబుతారు. అమెరికాలోని ఫ్యాక్టరీలో తయారైన సెట్లు రంగు సాంద్రత విషయంలో దాదాపు అన్నీ హద్దుల్లోపలే ఉండేవి, కానీ ఈ చివర నుంచి ఆ చివరదాకా పరుచుకుని ఉండేవి. జపాన్‌లో తయారైనవి కొన్ని హద్దు దాటినా, ఎక్కువభాగం లక్ష్యం చుట్టూనే గుమిగూడేవి. కొనేవాళ్ళు జపాన్ సెట్లనే ఇష్టపడ్డారు. హద్దు అనేది మనం గీసుకున్న గీత, కంటికది కనబడదు.

రెండు స్ప్రింగులు, ఒక పళ్ళెం

1961లో షిగెయో షింగో అనే జపాన్ ఇంజనీరు యమాదా ఎలక్ట్రిక్ అనే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ ఒక చిన్న స్విచ్ తయారవుతోంది. రెండు బటన్లు, ఒక్కోదాని కింద ఒక స్ప్రింగ్. అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఒక స్ప్రింగ్ పెట్టడం మరచిపోతారు. సరుకు కొన్నవాళ్ళ దగ్గరికి ఇన్‌స్పెక్టర్ వెళ్ళి స్విచ్‌లన్నీ విప్పి చూడాలి. మేనేజ్‌మెంట్ తిడుతుంది, కొన్నాళ్ళు అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు, మళ్ళీ మామూలే. షింగో చెప్పిన మార్పు ఇంతే: బిగించడం మొదలుపెట్టే ముందు డబ్బాలోంచి రెండు స్ప్రింగులు తీసి చిన్న పళ్ళెంలో పెట్టుకోండి. పని అయ్యాక పళ్ళెంలో స్ప్రింగ్ మిగిలి ఉంటే మరచిపోయినట్టే, అక్కడికక్కడే సరిచేసుకోండి.

అంతకుముందు పనివాడు "మరచిపోకు" అన్న హెచ్చరికని బుర్రలో మోసేవాడు. ఇప్పుడు ఆ బరువు పళ్ళెం మోస్తోంది. మొదట్లో ఇలాంటి ఏర్పాట్లని జపాన్‌లో "బకా యోకె" అనేవారు, అంటే తెలివితక్కువవాడు కూడా చెడగొట్టలేనిది అని. ఒక ఫ్యాక్టరీలో ఆ మాట విని ఒక పనిమనిషి కన్నీళ్ళు పెట్టుకుందట, నేనంత తెలివితక్కువదాన్నా అని. దాంతో షింగో పేరు మార్చాడు: "పోకా యోకె", పొరపాటుకి అడ్డుకట్ట. మారింది ఒక్క మాటే, కానీ తప్పు మనిషిది కాదు పని అమరికది అన్న ఎరుక అందులో ఉంది.

షూహార్ట్ మెమో రాసిన 1924లోనే సకిచి టొయోడా మగ్గం ఒకటి తయారైంది. దారం తెగితే అది దానంతటదే ఆగిపోయేది. లోపమున్న గుడ్డని గజాల కొద్దీ నేసి, చివర్న పరీక్షించి పారేసే బాధ లేదు. కారు ఫ్యాక్టరీలో ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపించగలిగే టొయోటా పద్ధతికి మూలం ఆ మగ్గమే. వినడానికి తేలికే. కానీ లైను ఆపినవాడిని "ఎందుకాపావ్?" అని ఒక్కసారి కళ్ళెర్ర చేసి చూస్తే చాలు, తాడు వేలాడుతూనే ఉంటుంది, ఎవరూ లాగరు.

గోడౌన్‌లో పెట్టలేని సరుకు

టార్చిని అమ్మే ముందు పరీక్షించొచ్చు. సేవని అలా కుదరదు. డాక్టరు మాట్లాడిన పది నిమిషాలు, హెల్ప్‌లైన్‌లో నడిచిన సంభాషణ, ఇవి తయారవుతున్న క్షణంలోనే ఖర్చయిపోతాయి. పైగా తయారీలో కొనేవాడి చెయ్యి కూడా ఉంటుంది. రోగి తన బాధ సరిగ్గా చెప్పకపోతే వైద్యం నాణ్యత తగ్గుతుంది.

1985లో పరశురామన్, జైథామ్ల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు సేవల నాణ్యతని "ఆశించినదానికీ అందినదానికీ మధ్య దూరం"గా కొలవొచ్చన్నారు. ఆ దూరం ఎక్కడెక్కడ పుడుతుందో కూడా విడదీశారు. జనానికేం కావాలో యాజమాన్యానికి తెలియకపోవడం, తెలిసినా దాన్ని నియమాలుగా రాయకపోవడం, రాసినా కౌంటర్లో అది జరగకపోవడం, జరిగేదొకటి ప్రకటనల్లో చెప్పేదొకటి కావడం. ఈ చివరిది నాణ్యత విభాగం చేతిలో ఉండదు, మార్కెటింగ్ వాళ్ళ చేతిలో ఉంటుంది. రీఫండ్ 24 గంటల్లో అని చెప్పి 30 గంటలకి ఇస్తే తిట్లు. 48 గంటలు పడుతుందని చెప్పి అదే 30 గంటలకి ఇస్తే "పర్లేదే, త్వరగానే ఇచ్చారు". పని ఒక్క నిమిషం కూడా మారలేదు.

వాళ్ళ అధ్యయనాల్లో మంచి మర్యాద, మెరిసే ఆఫీసు, చొరవ, వీటన్నిటికన్నా జనం ముందు పెట్టింది నమ్మకాన్ని: చెప్పిన పని చెప్పినట్టు, మొదటిసారే చేయడం. చిరునవ్వు శిక్షణలకి పెట్టే డబ్బు చూస్తే ఈ సంగతి అందరికీ చేరినట్టు లేదు. మూడుసార్లు ఫోన్ చేసినా తెమలని పనికి నాలుగోసారి "మీకింకే విధంగా సహాయపడగలను?" అని తీయగా అడిగితే ఒళ్ళు మండుతుంది తప్ప చల్లబడదు.

కాగితాలు నడిచే దారి

వస్తువూ సేవా కాక మూడోది ఒకటుంది, పని జరిగే దారి. ఆర్డరు రావడం నుంచి బిల్లు వసూలయ్యేదాకా, దరఖాస్తు నుంచి మంజూరు దాకా. దీని నాణ్యత బయటివాళ్ళకి కనిపించదు, లోపలివాళ్ళు అలవాటుపడిపోయి ఉంటారు.

ఒక దరఖాస్తు పది చేతులు మారుతుందనుకోండి. ఒక్కో చోట నూటికి 95 సరిగ్గా జరుగుతున్నాయి. ప్రతి సెక్షనూ "మాది 95 శాతం" అని గర్వంగా చెప్పుకుంటుంది. మొత్తం దారిలో ఎక్కడా తప్పు లేకుండా బయటపడేవి ఎన్ని? 0.95ని పదిసార్లు గుణిస్తే సుమారు 0.6. నూటికి 40 ఎక్కడో ఒకచోట వెనక్కి తిరిగి, దిద్దుకుని, ఫోన్లు చేయించుకుని వస్తున్నాయి. ఏ సెక్షన్ రిపోర్టులోనూ ఈ 40 కనిపించదు, ఎందుకంటే చివరికి పని "పూర్తయింది" కదా. తప్పులు దిద్దడానికే నడిచే ఈ రెండో వ్యవస్థని నాణ్యత నిపుణుడు ఆర్మండ్ ఫీగెన్‌బామ్ దాగి ఉన్న ఫ్యాక్టరీ అన్నాడు. దానికీ జీతాలున్నాయి, కుర్చీలున్నాయి, చాలాచోట్ల దానికంటూ ఒక మేనేజర్ కూడా ఉంటాడు. బడ్జెట్‌లో పేరు మాత్రం ఉండదు.

నాణ్యత కోసం అయ్యే ఖర్చుని ఫీగెన్‌బామ్ మూడు పద్దుల్లో రాయమన్నాడు: తప్పు రాకుండా చూడ్డానికయ్యేది, తప్పుందేమో వెతకడానికయ్యేది, తప్పు జరిగాక అయ్యేది. మూడోది ఇంట్లోనే దొరికితే ఒక రేటు, కొన్నవాడి చేతిలో దొరికితే ఇంకో రేటు. "నాణ్యత పెంచాలంటే ఖర్చవుతుంది" అనేవాళ్ళు మొదటి రెండు పద్దులే చూస్తారు. మూడోది ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా, రవాణాలో, ఓవర్‌టైమ్‌లో, డిస్కౌంట్లలో కలిసిపోయి ఉంటుంది.

సిక్స్ సిగ్మా గురించి కూడా ఒక మాట, అడుగుతారు కాబట్టి. లోపాలు తగ్గించే ఈ పద్ధతి 1986లో మోటొరోలాలో మొదలైంది. సిగ్మా అంటే కొలతలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే అంకె. పదిలక్షలకి 3.4 లోపాలు అన్నది దాని ప్రసిద్ధ అంకె. గణాంకశాస్త్రం ప్రకారం ఆరు సిగ్మాల దూరం అంటే వందకోట్లకి 2 మాత్రమే రావాలి. కాలం గడిచేకొద్దీ ఏ పనైనా సగటు నుంచి ఒకటిన్నర సిగ్మా జారుతుందని ఊహించి ఆ 3.4 తేల్చారు. ఆ ఒకటిన్నర అనుభవం మీద పెట్టుకున్న అంచనా, ప్రకృతి నియమం కాదు. ఆ శిక్షణలో ఇచ్చే బెల్టుల రంగులకన్నా ఈ చిన్న సంగతి తెలుసుకోవడం మేలు.

కొలవడంలో ఉన్న అసలు ప్రమాదం వేరే ఉంది. కొలతని లక్ష్యం చేస్తే అది మంచి కొలతగా మిగలదు. ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద ఉన్న సూత్రం సారం ఇదే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకి ఎనిమిది రకాల ఖాతాలు, కార్డులు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ఎక్కువ ఖాతాలుంటే బంధం గట్టిదని లెక్క. ఉద్యోగులు లక్ష్యం అందుకున్నారు, ఖాతాదారులకి తెలియకుండా ఖాతాలు తెరిచి. 2016లో బయటపడేసరికి అలాంటివి 20 లక్షల దాకా ఉండొచ్చని తేలింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. పూసలు తీసినవాళ్ళు వెళ్ళిపోయారు, పెట్టె నింపినవాళ్ళ మాట తర్వాతెప్పుడో వచ్చింది.

అంత పెద్ద కథ అక్కర్లేదు. ఆ మధ్య మా ఇంటికొచ్చి ఏదో రిపేరు చేసి వెళ్ళిన కుర్రాడు గుమ్మం దగ్గర ఆగి, "సార్, మెసేజ్ వస్తుంది, పదికి పది ఇవ్వండి, తొమ్మిదిస్తే మాకు సున్నా కిందే లెక్క" అన్నాడు. పదే ఇచ్చాను. రిపేరు మూడో రోజుకే మొదటికొచ్చింది. ఆ కంపెనీ డ్యాష్‌బోర్డులో నేను ఇప్పటికీ పరమ సంతుష్టుడైన కస్టమర్ని.

టార్చి మీటింగ్‌కి తిరిగొద్దాం. మధ్యాహ్నం దాటాక ఎవరో ఒక వెనక్కొచ్చిన టార్చిని చేతిలోకి తీసుకున్నారు. బొటనవేలితో నొక్కారు. పక్కవాళ్ళకి ఇచ్చారు. బల్ల చుట్టూ తిరిగేసరికి అకౌంట్స్ ఆయన కూడా "కాస్త గట్టిగానే ఉందండోయ్" అన్నాడు. డ్రాయింగ్‌లో ఒక గీత కొత్తగా చేరింది: స్విచ్ నొక్కడానికి పట్టే బలం ఇంతకు మించకూడదు. స్ప్రింగ్ మార్చారు. పదివేలసార్ల పరీక్షా నెగ్గింది. వెనక్కి రావడాలు ఆగిపోయాయి.

మూడు నెలలకి కొత్త ఫిర్యాదు వచ్చింది. సంచిలో పెట్టుకుంటే టార్చి దానంతటదే వెలిగి, అవసరానికి తీసేసరికి బ్యాటరీ అయిపోయి ఉంటోందట.